చాటని ఇంగ్లీషులో ఏమంటారు?

"నువ్వు... ఇంగ్లీషులో... కథలు రాయడం నేర్పుతావా?" అన్నారు మావారు. ఒక్కో మాట దగ్గరా ఆగి మరీ అన్నారు సుమండీ! ఎక్కడ ఆగితే నాకు ఎక్కువ తగులుతుందో ఇరవై రెండేళ్ళ కాపరంలో ఆయనకి బాగా తెలిసిపోయింది.

నిజానికి ఆయన్ననడానికీ లేదు. ఫోను వచ్చినప్పుడు నేనూ అదే అన్నాను. యూనివర్సిటీ ఇంగ్లీషు డిపార్టుమెంటు నుంచి ఒకావిడ మాట్లాడింది. ఎం.ఏ. పిల్లలకి క్రియేటివ్ రైటింగ్ అని ఒక పేపరు పెట్టారట, పది శనివారాలు వచ్చి చెప్పమంది. "నేను రాసేది తెలుగులోనండీ" అన్నాను. "అందుకేనండీ" అంది ఆవిడ. ఆ 'అందుకే'లో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు. తెలియకపోయినా ఒప్పేసుకున్నాను. యూనివర్సిటీ వాళ్ళు పిలిస్తే ఒక బి.ఏ. కాదంటుందా చెప్పండి!

నా ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాలి. చదివితే అర్థమవుతుంది, రాస్తే తప్పుల్లేకుండా వస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం కొత్త పట్టుచీర కట్టుకుని బస్సెక్కినట్టుంటుంది. ఎక్కడ కుచ్చిళ్ళు జారతాయోనని ధ్యాసంతా అటే.

మా అత్తగారు ఇంకోరకంగా అడిగారు. "వంట నేర్పుతారు గాని ఆకలి నేర్పుతారుటమ్మా?" అన్నారు. ఆవిడ చదివింది అయిదో క్లాసు. ఆ ప్రశ్న మీద దేశదేశాల పండితులు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారని నాకు తరవాత తెలిసింది.

తెలిసిందంటే, భయం కొద్దీ నెల్లాళ్ళు పుస్తకాలు తిరగేశాను లెండి. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్ళు 1936లోనే రచయితల కోసం వర్క్‌షాప్ అని మొదలుపెట్టారట. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో 1970లో ఎం.ఏ. పెట్టారు. దాన్ని పెట్టిన ఇద్దరూ, మాల్కమ్ బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్, నవలలు రాసేవాళ్ళే. ఆ మొదటి ఏడు చేరిన కుర్రాడు ఇయాన్ మెక్‌యువన్ తరవాత పెద్ద నవలా రచయిత అయ్యాడు. వర్క్‌షాప్ అంటే మనకి స్కూటర్లు బాగుచేసే చోటు గదా! వాళ్ళ పద్ధతీ ఇంచుమించు అంతే. ఒకళ్ళు రాసిన కథ అందరూ చదివి వస్తారు. చుట్టూ కూర్చుని ఏది బాగుందో, ఎక్కడ కుంటుతోందో విప్పి చూస్తారు. రాసినవాళ్ళు మాత్రం అంతసేపూ నోరెత్తకూడదు.

ఈ ఆఖరి నిబంధన చదివి నాకు నవ్వొచ్చింది. పెళ్ళిచూపుల్లో మనం చాప మీద కూర్చుంటే, అటువైపు వాళ్ళు ఒడ్డూ పొడుగూ మాట్లాడుకోలేదూ? మనం తలెత్తామా? అయోవాలో ఎవరూ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు.

మొదటి శనివారం వెళ్ళేసరికి పధ్నాలుగు మంది ఉన్నారు. తొమ్మిదిమంది ఆడపిల్లలు, అయిదుగురు మగపిల్లలు. ఆదిలాబాదు నుంచి అమలాపురం దాకా అన్నివైపుల వాళ్ళూ ఉన్నారు. ఎవరికి తోచిన కథ వాళ్ళని రాసుకు రమ్మన్నాను. రెండో శనివారం రాసుకొచ్చారు. ఇంటికి తెచ్చి డైనింగ్ టేబులు మీద పరుచుకుని చదువుతూ కూర్చున్నాను.

ఏం చెప్పమంటారు! పధ్నాలుగు కథల్లో ఆరింట్లో మంచు కురిసింది. నాలుగు కథల్లో హీరోయిన్ పేరు ఎమ్మా. ఒక అబ్బాయి, రాజమండ్రి వాడు, కిటికీలోంచి ఓక్ చెట్టును చూస్తూ కన్నీరు కార్చాడు. జగిత్యాల నుంచి వచ్చిన ఒకమ్మాయి ఎమ్మాని లండన్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చోబెట్టింది. ఆ ఎమ్మాకి దుఃఖం ఎందుకో ఆ అమ్మాయికే తెలిసినట్టు లేదు. రెండు కథలైతే అక్షరం తప్పు లేకుండా నున్నగా ఉన్నాయి. ఇప్పుడు అడిగిందల్లా రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి గదా, వాటి చేతిపని. విచిత్రమేమిటంటే యంత్రం రాసినవాటికీ, పిల్లలు సొంతంగా రాసినవాటికీ తేడా కనిపెట్టడం నావల్ల కాలేదు. మర్నాడు వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకుంటేనే తెలిసింది.

కోప్పడదామనుకున్నాను గాని మనసొప్పలేదు. చదివిందంతా ఇంగ్లండు, అమెరికా కథలైతే పిల్లలు మాత్రం ఏం చేస్తారు? అందుకని మూడో వారం వాళ్ళకి సరోజినీ నాయుడి సంగతి చెప్పాను. ఈ హైదరాబాదు పిల్లే గదా. 1895లో, పదహారేళ్ళ వయసులో, ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ ఎడ్మండ్ గాస్ అనే పేరున్న విమర్శకుడికి తన పద్యాలు చూపించింది. అన్నీ రాబిన్ పిట్టలూ, స్కైలార్క్ పిట్టలూ, చర్చి గంటలూనట. ఇవన్నీ చెత్తబుట్టలో వేసి మీ దేశం గురించి, మీ మనుషుల గురించి రాయమ్మా అని ఆయన మెత్తగానే చెప్పాడట. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకోకుండా వింది. ఆ సంగతి ఆయనే 1912లో ఆవిడ మరో పుస్తకానికి రాసిన పీఠికలో చెప్పుకున్నాడు. ఆవిడ మొదటి పుస్తకం 'ది గోల్డెన్ థ్రెషోల్డ్' 1905లో వచ్చింది. ఆబిడ్స్ దగ్గరున్న ఆవిడ ఇంటికి ఆ పేరే ఉంది. 1974లో హైదరాబాద్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే.

"అంటే మంచు రాయకూడదా మేడమ్?" అన్నాడు రాజమండ్రి అబ్బాయి దిగులుగా.

"చూసొచ్చాక రాయి బాబూ" అన్నాను.

ఆ వారం ఇచ్చిన పని చాలా చిన్నది. మీ ఇంట్లో ఒక వస్తువు, దాన్ని వాడుతున్న ఒక మనిషి. అంతే. రెండు పేజీలు మించకూడదు. ఎమ్మా రాకూడదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. రాజమండ్రి అబ్బాయి పాపం నిజాయితీగా తన ఇంటి గొడవే రాసుకొచ్చాడు. చదవడానికి నిలబడి మొదటి వాక్యం అందుకున్నాడు. తెలుగులో దాని అర్థం చెబుతాను వినండి: మా ఆంటీ, మా ఆంటీ ఎదుట, మా ఆంటీని చెంపదెబ్బ కొట్టింది. క్లాసంతా గొల్లుమంది. విచారించగా తేలిందేమిటంటే, కొట్టింది వాళ్ళ మేనత్త, తిన్నది పిన్ని, చూస్తూ నిలబడింది పెద్దమ్మ. మన ఇళ్ళల్లో ఈ ముగ్గురికీ మధ్య ఎన్ని యుద్ధాలు జరుగుతాయి! ఇంగ్లీషువాడు ముగ్గురినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టేశాడు. మేనత్త చెయ్యెత్తిందంటే ఆ చేతి వెనకాల పుట్టింటి అధికారం ఉందని ఆంటీ అనే మాటలో ఎలా తెలుస్తుంది?

అదే తంటా 'మీరు', 'నువ్వు' దగ్గరా వచ్చింది. ఒకమ్మాయి కథలో భార్య పెళ్ళయిన పదేళ్ళకి మొదటిసారి మొగుణ్ణి 'నువ్వు' అంటుంది. కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంగ్లీషులో అదేమయిపోయిందో మీరే ఊహించుకోండి. ఆ అమ్మాయి మూడురకాలుగా తిరగరాసింది. చివరికి ఆ మాటని వదిలేసి, ఆవిడ చేత మొగుడి కంచం ముందర గరిటె ఠక్కున పెట్టించింది. గరిటె బాగా మోగింది. నాకు చాలా సంతోషమైంది.

రాజారావుగారు 1938లో 'కాంతాపుర' రాసినప్పుడు ముందుమాటలో ఈ కష్టాన్నే చెప్పారు. మనది కాని భాషలో మనదైన మనసు చెప్పాల్సి రావడం ఎంత పనో చెప్పి, ఆయన ఏం చేశారంటే ఊళ్ళో ముసలమ్మ కబుర్లు చెబుతున్నట్టుగా, ఊపిరి తిప్పుకోకుండా ఇంగ్లీషుని నడిపించారు. అందులో మనుషుల పేర్లు కూడా కార్నర్ హౌస్ మూర్తి, వాటర్‌ఫాల్ వెంకమ్మ. మూలింటి మూర్తి అని మనం అనుకోమూ? అలాగన్నమాట. అది చదివి వినిపించాక మేనత్త మేనత్తగానే ఇంగ్లీషులోకి వచ్చేసింది. చదివేవాళ్ళకి అర్థం కాకపోతేనో అని ఎవరో అడిగారు. ఆవిడ చెంపదెబ్బ కొట్టాక కూడా ఆవిడెవరో అర్థం కాదా అన్నాను.

ఇక జగిత్యాల అమ్మాయి. మూడో వరసలో గోడ పక్కన కూర్చునేది. ఎమ్మాని లండన్ కాఫీ హోటల్లో ఏడిపించింది ఈ పిల్లే. లేచి మెల్లగా చదివింది. ఒకావిడ ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అని మొదలు. క్లాసంతా ముఖాలు చూసుకున్నారు. టేబుల్ ఫ్యానా అన్నాడొకడు. ఒళ్ళో ఫ్యానేమిటి, కరెంటు కొట్టదా అన్నాడింకొకడు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

"చాట మేడమ్" అంది చివరికి. "డిక్షనరీల విన్నోయింగ్ ఫ్యాన్ అని ఉంది."

చాట! బీడీలు చుట్టే చాట. వాళ్ళమ్మ బీడీలు చేస్తుందిట. ఆ పిల్ల చదువంతా ఆ చాటలోంచే వచ్చింది. "చాట అనే రాయి. ఆవిడ దాంతో ఏం చేస్తుందో రాస్తే లండన్‌వాడికి కూడా తెలుస్తుంది" అన్నాను.

వారం తిరిగేసరికి తిరగరాసుకొచ్చింది. రాత్రి తునికాకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టడం, పొద్దున్నే రేకు ముక్క కొలతగా ఆకు మీద పెట్టి కత్తెరతో కత్తిరించడం, చాట ఒళ్ళో పెట్టుకుని చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం ముడి, ఇరవై అయిదేసి కట్టలు. రోజుకి వెయ్యి బీడీలు చెయ్యాలని వాళ్ళమ్మ పట్టుదల. ఒకరోజు కార్ఖానాలో లెక్క చూసే మనిషి రెండువందలు బాగాలేవని తీసేశాడు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆవిడ గోడవైపు తిరిగి, చాటలో చేతులు పెట్టుకుని ఏడ్చింది. దుప్పటి సందులోంచి కూతురు చూసింది. కథ అంతే.

ఎవరూ మాట్లాడలేదు. టేబుల్ ఫ్యాను అన్న కుర్రాడు తల దించుకుని బల్ల గీకుతూ కూర్చున్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. పాఠం చెప్పేదాన్ని గదా, ఏదో ఒకటి అనాలి. అనకూడనిదే అన్నాను.

"ఇంత బాగా రాశావే, ఇది తెలుగులో ఎందుకు రాయలేదమ్మా?"

అని ఊరుకున్నానా? గురజాడ అప్పారావుగారి సంగతి ఎత్తుకున్నాను. ఆయన కూడా ముందు ఇంగ్లీషులో 'సారంగధర' అనే కావ్యం రాశారు. అది చూసి కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ అనే ఆయన మెచ్చుకుని, మీ మాతృభాషలో రాయండి అని సలహా చెప్పాడు. అలా చెప్పబట్టే మనకి 1892లో కన్యాశుల్కం రంగం మీదికి వచ్చింది, 1897లో అచ్చయింది అని ఉపన్యాసం దంచాను. ఆ నాటకానికి ముందుమాట మాత్రం ఆయన ఇంగ్లీషులోనే రాశారనే సంగతి అప్పటికి కావాలనే చెప్పలేదు.

ఆ పిల్ల ఓపిగ్గా విని, "మేడమ్, మా అమ్మకు తెలుగు చదువుడు వస్తది" అంది. "ఇంగ్లీషు రాదు. అందుకే రాసిన."

ఇదండీ సంగతి. నేను ఇన్నాళ్ళూ ఈ పిల్లలు ఫ్యాషను కోసమో, ఉద్యోగాల కోసమో ఇంగ్లీషులో రాస్తున్నారనుకున్నాను. ఇల్లంతా ఒకే గది అయిన చోట, గడియ పెట్టుకోవడానికి ఒక తలుపు దొరకడం అంటే ఏమిటో నాకు తోచలేదు.

తోచకపోవడమేమిటి, నాకంటే బాగా ఎవరికి తెలుసు! నా మొదటి నవలలో తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే ఒక పెద్దమ్మ ఉంది. నేను ఊహించి రాశాననే అనుకున్నాను. అచ్చయిన వారానికే మా పెద్దత్తయ్యగారు మా ఇంటి గడప తొక్కడం మానేశారు. రెండేళ్ళు మానేశారు. మా ఆడపడుచు పెళ్ళికి కూడా భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. అప్పటినుంచీ నేను ప్రతి పాత్రకీ ముక్కో, ఊరో, రంగో మార్చి, ఎవరినీ పోలకుండా చేసి గాని బయటికి పంపను. పాఠకులు నా పాత్రలు సున్నితంగా ఉంటాయంటారు. అది సున్నితం కాదండీ, బెదురు.

ఒక్కటి మాత్రం ఎంత మార్చినా పంపలేకపోయాను. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక రాత్రి అమ్మా నేనూ రైల్వేస్టేషన్లో ఒక బెంచీ మీద కూర్చున్నాం. తెల్లవారుజామున పాలవాడు రాకముందే ఇంటికొచ్చేశాం. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. ఇంతకంటే ఇక్కడా రాయలేను, మా పెద్దన్నయ్య ఈ పత్రిక తెప్పిస్తాడు. ఈ రెండు వాక్యాలకే ఫోను వస్తుందనుకుంటున్నాను.

ఆరో వారమో, ఏడో వారమో, క్లాసులో ఒక అభ్యాసం పెట్టాను. పది నిమిషాలు, పెన్ను ఎత్తకుండా, కొట్టివేతలు లేకుండా, మీరు ఎవరికీ చెప్పని ఒక సంగతి రాయండి, చదవక్కర్లేదు అని. అందరూ తలలు వంచారు. నేను ఒక్కదాన్నీ కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం ఎబ్బెట్టుగా ఉండి నేనూ ఒక కాగితం తీసుకున్నాను. బోర్డు మీద ఇంగ్లీషు, చుట్టూ ఇంగ్లీషు, చెయ్యి ఇంగ్లీషులోనే పోయింది. బెంచీ, కొయ్యపెట్టె, ఒక్కటే టీ ఇద్దరం తాగడం, ప్రతి రైలు వచ్చినప్పుడూ అమ్మ లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, అన్నీ వచ్చేశాయి. పొట్టి పొట్టి వాక్యాలు. నాకున్న ఇంగ్లీషే అంత. పొడుగు వాక్యాలు రాకపోవడం వల్ల దాచడానికి చోటు లేకపోయింది. పది నిమిషాలైనట్టు పిల్లలే గుర్తుచేశారు. కాగితం నాలుగు మడతలు పెట్టి హాండ్‌బ్యాగులో పడేశాను.

దసరా సెలవులకి అందరూ ఇళ్ళకి వెళ్ళారు. సెలవుల తరవాత క్లాసు ముగిసి నేను పుస్తకాలు సర్దుకుంటుంటే జగిత్యాల అమ్మాయి వచ్చి నిలబడింది.

"మేడమ్, అమ్మకు చదివి వినిపించిన."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను.

బతకమ్మ పండగకి వెళ్ళిందిట. అమ్మ బీడీలు చేసుకుంటుంటే పక్కన కూర్చుని, కాలేజీలో మా మేడమ్ మెచ్చుకుందని చెప్పిందిట. 'అయితే సదువు' అందిట అమ్మ. తెలుగులో చెబుతానంటే, 'ముందుగాల ఇంగ్లీషులనే సదువు బిడ్డా, ఎట్లుంటదో ఇంట' అందిట. ఆ పిల్ల చదువుతూ ఉంటే అమ్మ చెయ్యి ఆపకుండానే వింటోందిట. మధ్యలో చాట, తునికాకు, రేకు, తంబాకు వచ్చినప్పుడల్లా తలెత్తి, 'గిన్ని మన మాటలే ఉన్నయి గదనే!' అని నవ్విందిట.

"తర్వాత తెలుగుల చెప్పిన మేడమ్. అంతా విన్నది. ఆఖరుకు ఏమన్నదో తెలుసా?" ఆ పిల్ల గొంతు సన్నబడింది. "'ఆ రాత్రి నేనేడ్వలేదే. తంబాకు కండ్లల్ల పడ్డది' అన్నది."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

"ఏడ్చింది మేడమ్. నేను చూసిన. భుజాలు కదిలినయి." మళ్ళీ తనే అడిగింది. "ఇప్పుడు ఏది రాయాలె?"

ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నాను. పది శనివారాలకి జీతం పుచ్చుకుంటున్నాను. నాకు జవాబు తోచలేదండీ. ఆవిడ ఇంగ్లీషులో తన గురించి రాసింది చదువుకోలేదు గనక, ఆవిడ చెప్పిన మాటకి విలువ ఇవ్వద్దా? ఇస్తే, ఆ పిల్ల కళ్ళారా చూసిందేమవుతుంది? ఏదో ఒకటి చెప్పి పంపెయ్యడం ఇష్టంలేక, "నువ్వే ఆలోచించుకురా అమ్మా" అన్నాను. మేష్టర్లకి ఎప్పుడూ ఉన్న దారే గదా అది.

ఆఖరి వారం ఇచ్చిన ప్రతిలో ఆ పిల్ల అన్నీ అలాగే ఉంచింది. చివరిపేజీలో మాత్రం కూతురు పొద్దున్నే లేచి, రాత్రి ఎందుకేడ్చావని అడుగుతుంది. తల్లి, తంబాకు కళ్ళల్లో పడిందంటుంది. అని, కొత్త ఆకు మీద రేకు పెట్టి కత్తెర తీసుకుంటుంది. డిపార్టుమెంటు వాళ్ళు యాభైకి మార్కులు వెయ్యమన్నారు. ఎంత వేశానో చెప్పను గాని, మార్కుల పట్టిక చూసి ఆ ఫోను చేసినావిడ ఇంత వెయ్యకూడదేమోనండీ అంది. "అందుకేనండీ" అన్నాను నేను.

ఆ రాత్రి ఇంటికొచ్చాక హాండ్‌బ్యాగులోంచి నా కాగితం తీశాను. మడతల దగ్గర సిరా కాస్త అలికింది. ప్రతి రైలుకీ అమ్మ లేచి నిలబడేది, ఎవరికోసమో ఎదురు చూస్తోంది అని రాశాను. ఎదురు చూసిందా? ఎక్కుదామా వద్దా అని లేచిందా? కాళ్ళు తిమ్మిరెక్కి లేచిందేమో కూడా. జగిత్యాల అమ్మాయి అయితే పండక్కి వెళ్ళి అడిగి తెలుసుకుంది. మా అమ్మ పోయి ఏడేళ్ళయింది.

మావారు పేపరు పక్కనపెట్టి, "ఏమిటా కాగితం?" అన్నారు.

"క్లాసు పని" అన్నాను.

"ఏదీ, చూడనీ. మా ఆవిడ ఇంగ్లీషెలా ఉందో" అని చెయ్యి చాచారు. ఆయన బ్యాంకులో పాతికేళ్ళుగా ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాస్తున్నారు. ఆయనకి నాకంటే బాగా వచ్చు.

మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి హాండ్‌బ్యాగులో వేసేశాను.